మంద కుక్కల మొరటు ఆట: ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి?

ప్రశ్న: మాకు ఎనభై గొర్లున్నయ్. కాపలాకు నాలుగేండ్ల మగ కుక్క ఉంది. దానికి తోడు ఇంకో మగ పిల్లను తెచ్చినం, ఇప్పుడు ఏడు నెలలది. పొద్దుగూకంగనే రెండూ మెడలు పట్టుకొని దొర్లుతయి. మొన్న పెద్దదాని చెవి చీలింది. కట్టెతోటి కొట్టి విడిపిస్తే మళ్లా ఎక్కువైతున్నది. ఇది ఆటనా, కొట్లాటనా?
– ఒక రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఆటగానే మొదలై అదుపు తప్పుతోంది. ఏడు నెలలకు పాలపళ్లు ఊడి గట్టి కోరలు వచ్చేస్తాయి, బలమూ వస్తుంది. ఎంత గట్టిగా పట్టొచ్చన్న అంచనా మాత్రం ఇంకా కుదరదు. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర కనీసం ఎనిమిది వారాలు పెరగని పిల్లల్లో ఈ లోపం మరీ ఎక్కువ.

ఆటలో ముందుకాళ్లు నేలకు వంచి నడుము పైకెత్తడం కనిపిస్తుంది. నోరు వదులుగా తెరుచుకొని ఉంటుంది. కాసేపు ఇది కింద, కాసేపు అది కింద. మధ్యలో వాటంతట అవే ఆగుతాయి. గుర్రుమన్నంత మాత్రాన భయం లేదు. ఒళ్లు కర్రలా బిగిసి, నోరు మూసుకొని, చూపు ఒకేచోట నిలిచి, చప్పుడు ఆగిపోయిందంటే మాత్రం వెంటనే విడదీయాలి.

అనుమానం ఉంటే పిల్లను పట్టుకొని పక్కకు తీసుకెళ్లి చూడండి. పెద్దది తోక వదులుగా ఊపుతూ మళ్లీ దగ్గరికొస్తే దానికీ ఆట ఇష్టమే. ఒళ్లు దులుపుకొని ఎడ్లబండి కిందికి పోయి పడుకుంటే దానికి చాలైపోయింది. అప్పుడు పిల్లను కట్టేయండి. పెద్దది గుర్రుమని పిల్లను హెచ్చరిస్తే దాన్ని తిట్టొద్దు. ఆ హెచ్చరికను అణచేస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది.

కట్టె వాడొద్దు. దెబ్బ తగిలిన కుక్కకు అది మీ చేతి దెబ్బని తెలియకపోవచ్చు, ఎదుటి కుక్క వల్లే నొప్పి పుట్టిందనుకోవచ్చు. మీరు కొట్టేకొద్దీ పెరుగుతున్నది అందుకే కావచ్చు. దాని బదులు పిలుపు నేర్పండి. వారం రోజులు ఒక్కోదాన్ని విడిగా, రోజుకు పది పదిహేను సార్లు ఒకే మాటతో పిలిచి, రాగానే జొన్నరొట్టె ముక్క పెట్టండి. ఆ తర్వాత ఆటలో ఇద్దరు మనుషులు ఉండి, అర నిమిషానికో నిమిషానికో, వేడెక్కకముందే చెరొకదాన్ని పిలవాలి. రొట్టె దగ్గర తగవు రాకుండా రెండింటి మధ్య పది అడుగులైనా ఎడం ఉంచండి. ఊపిరి నెమ్మదించాకే వదలండి. రెండోసారి పిలిచినా రాకపోతే ఆ పూటకు ఆట బంద్.

ఆటకు ముందు మెడ బెల్టులు, గొలుసులు తీసేయండి. మెడ పట్టుకొని ఆడేటప్పుడు ఒకదాని కింది దవడ రెండోదాని బెల్టు కింద ఇరుక్కోవచ్చు. విడిపించుకోవాలని అది మెలితిరిగితే ఇటు ఊపిరి ఆగొచ్చు, అటు దవడ విరగొచ్చు. ఎప్పుడైనా ఇరుక్కుంటే లాగొద్దు, రెండింటినీ దగ్గరికి నెట్టి బెల్టు విప్పండి, లేదా కోసేయండి.

నిజంగా కొట్లాడుకుంటే మధ్యలో చేయి పెట్టకండి. బకెట్ నీళ్లు ముఖాల మీద కొట్టండి, గొంగడి విసరండి. అయినా వదలకపోతే ఇద్దరు మనుషులు ఒకేసారి చెరొకదాని వెనక కాళ్లు తొడల దగ్గర పట్టి ఎత్తి, వెనక్కి నడవాలి. ఒక్కరే ఉంటే ఈ పని చేయొద్దు. మరునాటి దాకా ఒకదానికొకటి కనపడకుండా కట్టండి. కూడు ఎప్పుడూ వేర్వేరు చోట్ల పెట్టండి.

చీలిన చెవిని లీటరు కాచి చల్లార్చిన నీటిలో టీ చెంచాన్నర ఉప్పు కలిపి కడిగి, నీళ్లు కలిపి పల్చన చేసిన పోవిడోన్ అయోడిన్ (పుండ్లకు పూసే మందు) పూయండి. పసుపు, కిరోసిన్ వద్దు. వానకాలంలో ఈగలు వాలి పుండులో పురుగు పడుతుంది, రోజూ రెండు పూటలా చూడండి. మెడ మీద కోర దిగిన గాటు పైకి చిన్నగా కనిపించినా లోపల చీముపడుతుంది, పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. రెండింటికీ రేబీస్ టీకా ఏటా వేయించండి. విడదీసేటప్పుడు మనిషికి పన్ను తగిలితే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి. ఈ పిల్లకు ఇదే ఆట గొర్రెపిల్లలతోనూ ఆడాలనిపిస్తుంది. సరదాగా తరిమినా చూడి గొర్రెలు ఈసుకుపోవచ్చు, అంటే కడుపు పోవచ్చు. దానికి ఏడాదిన్నర నిండేదాకా మనిషి లేకుండా మందలో వదలకండి. గొర్రెలు ఈనే రోజుల్లో దాన్ని దొడ్డి బయటే కట్టేయండి.