జీతం లేని వాలంటీర్లకు వేధింపుల ట్రైనింగ్ అవసరమా?

అనంతపురంలో మీది చిన్న సేవా సంస్థ, అందరూ వాలంటీర్లే, లైంగిక వేధింపుల మీద ట్రైనింగ్ దేనికి అని అడిగారు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 నాటి చట్టం జీతం లేకుండా పనిచేసే మహిళలనూ ఉద్యోగులుగానే లెక్కిస్తుంది. ట్రస్టులు, సొసైటీలూ దాని కిందికే వస్తాయి. కళ్యాణదుర్గం వైపు క్యాంపుకి వెళ్లడానికి సంస్థ పెట్టిన జీపు కూడా పనిచేసే చోటే.

గంటసేపు స్లైడ్లు చూపించి టీ ఇచ్చి పంపితే అది ట్రైనింగ్ కాదు. నిజంగా జరిగేవే ముందు పెట్టండి. రాత్రి పదకొండుకి సీనియర్ ఒకాయన ఒక వాలంటీర్ అమ్మాయికి "పడుకున్నావా?" అని వాట్సాప్ చేస్తాడు. ఆ అమ్మాయి ఏం చేయాలి? విషయం తెలిసిన తోటివాళ్లు ఏం చేయాలి? "అన్నా, ఆ మెసేజ్‌లు ఆపు" అని అందరిచేతా నోటితో అనిపించండి. మొదట నవ్వుతారు, రెండోసారికి ఎవరూ నవ్వరు. పెద్దలనూ కూర్చోబెట్టండి, పనుందని మధ్యలో లేచేది వాళ్లే.

పదిమంది, ఆపైన ఉంటే ఇలాంటి ఫిర్యాదులు వినడానికి మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ తప్పనిసరి, అందులో బయటి వ్యక్తి ఒకరుండాలి. అంతకన్నా తక్కువైతే జిల్లాలోని లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదుకి మామూలుగా గడువు ఘటన జరిగినప్పటి నుంచి 3 నెలలు. కమిటీ వాళ్ల పేర్లు, నంబర్లు ఆఫీసు గోడకి అంటించండి.