ఓడలో నడిచిన రేడియో అంటే ప్రభుత్వానికి అంత కోపం ఎందుకు?

తీరానికి దూరంగా ఓడలో నడిచిన రేడియో కారొలైన్ అనే పాటల స్టేషన్ వల్ల బ్రిటన్ ప్రభుత్వానికి వచ్చిన నష్టమేమిటి, అన్నేళ్లు ఎందుకు వెంటాడింది అని అడిగారు. నష్టమేమీ లేదు. తన అదుపులో లేని గొంతును జనం ఇష్టంగా వింటుంటే ఏ ప్రభుత్వమూ ఓర్చుకోలేదు. ఇతర స్టేషన్ల ప్రసారాలకు, నౌకల అత్యవసర సందేశాలకు అడ్డమని అప్పట్లో చెప్పిన కారణాలు నేనూ చదివాను. నాకు నమ్మకం కుదరలేదు.

నేను తొమ్మిదేళ్లుగా ఇంగ్లండ్ తూర్పు తీరంలోని ఎసెక్స్‌లో ఉంటున్నాను. రేడియో కారొలైన్ వారి ఓడ రాస్ రివెంజ్ ఇక్కడి బ్లాక్‌వాటర్ నదీముఖంలో లంగరు వేసి ఉంటుంది. మూడేళ్ల క్రితం చిన్న పడవలో వెళ్లి ఆ ఓడ ఎక్కాను. చూపించడానికి వచ్చిన పెద్దాయన అక్కడ జీతం లేకుండా పనిచేస్తారు. స్టూడియో గుమ్మం దగ్గర ఆగి, 1989 ఆగస్టు 19న ఏం జరిగిందో చెప్పారు. ఓడ అంతర్జాతీయ జలాల్లో ఉండగా డచ్ అధికారులు పైకి ఎక్కారు, వారి వెంట బ్రిటిష్ అధికారులూ ఉన్నారు. పరికరాలు ఊడదీసి తీసుకుపోయారు. లోపలివాళ్లు ఆ దాడిని మైకులో చెబుతూనే ఉన్నారు, ప్రసారం ఆగిపోయేవరకు. ఆయన ఆ రోజు ఇంట్లో కూర్చుని విన్నారట. "ఒక్కసారిగా నిశ్శబ్దం" అని, ఇక మాట్లాడలేకపోయారు. ముప్పై ఏళ్లు దాటినా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నడిసముద్రంలోనూ అలాంటి ఓడ ఎక్కే అధికారాన్ని బ్రిటన్ తన చట్టంలో రాసుకున్నది 1990లో. అంటే ముందు ఎక్కారు, తర్వాత చట్టం చేసుకున్నారు!

అంతకుముందు ఎన్ని చేశారో. 1964 ఈస్టర్‌కు రోనన్ ఓరాహిలీ అనే ఐరిష్ యువకుడు ఈ స్టేషన్ మొదలుపెట్టేనాటికి, బీబీసీలో రికార్డు పాటలు ఇన్ని గంటలకు మించి వేయకూడదని పరిమితి ఉండేది. 1967 ఆగస్టులో వచ్చిన చట్టం ఓడను ముట్టుకోలేదు. ఓడలో పనిచేసే బ్రిటిష్ పౌరులను, తిండి, ఇంధనం చేరవేసేవారిని, ప్రకటన ఇచ్చేవారిని నేరస్థులను చేసింది. మన ఊళ్లలో నిప్పూ నీళ్లూ ఇవ్వకుండా వెలివేసేవారే, సరిగ్గా అదే పద్ధతి. ఏడు వారాలు తిరక్కుండా బీబీసీ రేడియో వన్ అనే పాటల స్టేషన్ పెట్టి, ఓడల్లో పేరు తెచ్చుకున్న వ్యాఖ్యాతలనే పనిలోకి తీసుకుంది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. కారొలైన్ మాత్రం ఆగలేదు. 1968లో బకాయిల కోసం టగ్గు (ఓడలను లాగే పడవ) కంపెనీ వారి ఓడలను లాక్కుపోయింది. 1980లో తుపానుకు వారి మి అమీగో ఓడ మునిగింది. 1983లో మళ్లీ రాస్ రివెంజ్‌తో వచ్చారు. 1987లో బ్రిటన్ తన ప్రాదేశిక జలాల (తన చట్టం చెల్లే సముద్రం) హద్దును మూడు మైళ్ల నుంచి పన్నెండుకు జరిపితే ఓడ తీరానికి ఇంకా దూరం వెళ్లింది.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, మా నాన్న చీరాలలో పెరిగారు. 1952లో సమాచార మంత్రి కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది. జనం శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు తిరిగారు. తర్వాతి కాలంలో అక్కడి వ్యాఖ్యాత మీనాక్షీ పొన్నుదురై తెలుగు పలుకు కోసం మా ఇంట్లో అందరూ ముల్లు తిప్పుతూ కూర్చునేవారట. 1957లో ఆకాశవాణి పాటల విభాగం వివిధ భారతి వచ్చింది సిలోన్‌కు పోయిన శ్రోతల కోసమే కదా! పైగా అప్పట్లో ఇంట్లో రేడియో ఉన్నందుకు ఏటా పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు డబ్బు కట్టాల్సి వచ్చేది. ఆ పుస్తకం ఇప్పటికీ నాన్న దాచుకున్నారు.

2017లో కారొలైన్‌కు లైసెన్సు దక్కింది. ఒకప్పుడు బీబీసీ వరల్డ్ సర్వీస్ వాడిన 648 కిలోహెర్ట్జ్‌నే ఇచ్చారు. నేను రోజూ కారులో అదే వింటాను. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం 2001లో గానీ రాలేదు. ఇప్పటికీ అవి సొంతంగా వార్తలు చెప్పకూడదు, వార్తలు కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌నే ఉన్నదున్నట్టు వినిపించాలి. దీని గురించి ఎవరైనా విడిగా అడగండి, చాలా రాయాలి.