ఆ రికార్డింగ్ మీరు విన్నారా?

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. రాత్రిళ్లు ఫోన్లో బీజీఎంఐ (జట్లుగా తుపాకులతో కాల్చుకునే ఆన్‌లైన్ గేమ్) ఆడతాడు. పోయిన వారం ఆటలో ఓడిపోయారని, స్క్వాడ్‌లో (వాడి జట్టులో) ఉన్న ఒకమ్మాయిని మైక్‌లో రాయలేని మాటలు అన్నాడంట. ఆ అమ్మాయి స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకుంది. వాళ్ల అన్న మాకు ఫోన్ చేసి 66ఏ కింద కేసు పెడతానంటున్నాడు. మావారేమో 'గేమ్‌లో అందరూ తిట్టుకునేదే' అంటున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, ఆదోని

జవాబు: 'అన్నాడంట' అని రాశారు. అంటే ఆ రికార్డింగ్ మీరింకా వినలేదన్నమాట. అక్కడికే వస్తాను.

ముందు 66ఏ సంగతి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌లు పంపడం నేరమన్న ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. దాన్ని చెప్పి బెదిరించేవాళ్లు, విని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. అలాగని గుండెల మీద చెయ్యి వేసుకొని పడుకోకండి. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ ఉంది. ఆడపిల్ల మర్యాదకు భంగం కలిగించాలని, ఆమెకు వినబడాలని ఒక మాట అంటే మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఎదురుగా నిలబడి అనాలని అందులో లేదు. కులం పేరెత్తి ఉంటే ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం దాకా పోవచ్చు. మీవాడికి 18 నిండలేదు కాబట్టి విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తుంది.

ఇక మీవారి మాట. మా ఇంట్లోనూ ఇదే మాట విన్నాను. రెండేళ్ల కిందట ఒక రాత్రి జొన్నరొట్టెలు కాలుస్తుంటే మావాడి నోట్లోంచి ఒక బూతు వినబడింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు కదా, ఎంత గట్టిగా అరుస్తున్నాడో వాడికే తెలియదు. 'నిన్ను కాదమ్మా, గేమ్‌లో ఎవడినో' అన్నాడు. 'సరే, ఇయర్‌ఫోన్స్ తీసి ఆ మాటే ఇక్కడ ఇంకోసారి అను' అన్నాను. పక్కనే వాళ్ల అవ్వ గోంగూర ఒలుస్తోంది. వాడు నేల చూపులు చూశాడే గానీ నోరు పెగల్లేదు. (పెనం మీది రొట్టె మాత్రం మాడిపోయింది.)

కాబట్టి వాళ్ల అన్నను మర్యాదగా అడిగి ఆ రికార్డింగ్ తెప్పించుకోండి. మీవారిని, మీవాడిని కూర్చోబెట్టి స్పీకర్‌లో వినిపించండి. కొట్టొద్దు.

క్షమాపణ మీవాడే చెప్పాలి, మీరు కాదు. అన్నకు కాదు, ఆ అమ్మాయికి. వాడితో మాట్లాడటం ఆమెకు ఇష్టం లేదంటే వాళ్ల అన్న ద్వారా ఒక్క మెసేజ్ పంపించి ఊరుకోండి. వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెడితే అది వేరే నేరం, 78వ సెక్షన్. పెద్దమనుషులను, డబ్బును మధ్యలోకి తేవద్దు. రికార్డింగ్ చెరిపేయమని అడగొద్దు. మీవాడి ఫోన్లోనూ ఏదీ చెరిపేయనివ్వొద్దు.

ఇంకొకటి. 2022లో ఆపేసిన ఆ గేమ్ 2023లో మళ్లీ వచ్చినప్పుడు 18 లోపు పిల్లలకు రోజుకు మూడు గంటలని హద్దు పెట్టారు. మీవాడు ఏ వయసు వేసి, ఎవరి నంబరుతో ఆడుతున్నాడో చూడండి. మీ నంబరే అయి ఉండొచ్చు.

స్టేషన్ నుంచి పిలుపు వస్తే దాక్కోకుండా వకీలును వెంటబెట్టుకొని వెళ్లండి. కర్నూలు వచ్చి నన్ను కలవాలనుకుంటే మీవారిని కూడా తీసుకురండి. ఆయన ఆ రికార్డింగ్ పూర్తిగా విన్నాకే.