నాయకుడు, సాహిణి, సుబేదారు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కాకతీయుల చరిత్ర చదువుతుంటే ఒకరిని నాయకుడనీ, ఒకరిని సేనాని అనీ, మరొకరిని సాహిణి అనీ పేర్కొనడం కనిపిస్తుంది. ఇవన్నీ ఒకే హోదాకు వేర్వేరు పేర్లా? దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కావు. నాయకుడు, సేనాని, నేత అనే మూడింటికీ 'నడిపించు' అనే అర్థం గల ఒకే సంస్కృత ధాతువు మూలం కనుక అవి పర్యాయపదాలని అనిపించడం సహజమే. కాని కాకతీయుల పాలనలో సేనాని అంటే చేసే పనికి పేరు. నాయకుడు అనే మాట, ముఖ్యంగా ప్రతాపరుద్రుని కాలానికి వచ్చేసరికి, ఆ మనిషికీ రాజుకూ మధ్య ఉన్న కట్టుబాటును తెలిపేది. రాజు కొన్ని గ్రామాలపై వచ్చే ఆదాయాన్ని నాయకునికి అప్పగించేవాడు. నాయకుడు ఆ ఆదాయంతో నిర్ణీతమైన బలగాన్ని పోషిస్తూ, పిలుపు అందినప్పుడు ఆ బలగంతో వచ్చి రాజు పక్షాన నిలవవలసి ఉండేది. దీనినే నాయంకరం అన్నారు. ఈ భేదాన్ని పట్టుకుంటే ఓరుగల్లు చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం సులభంగా అర్థమవుతుంది. 1323లో కోట పడిపోయి ప్రతాపరుద్రుడు బందీ అయినప్పుడు రాజ్యం పోయింది, రాజు ఇచ్చిన పదవులూ పోయాయి. కాని సొంత బలగమూ, స్థానికంగా పట్టూ ఉన్న నాయకులు మిగిలారు. వారిలో ఒకడైన ముసునూరి కాపయ నాయకుడే 1336లో ఢిల్లీ సుల్తానుల ప్రతినిధిని వెళ్లగొట్టి ఓరుగల్లును తిరిగి స్వాధీనం చేసుకున్నాడు.

ఒకే వ్యక్తికి రెండు మూడు పేర్లు ఉండడానికి అడ్డేమీ లేదు. చందుపట్ల శాసనంలో రుద్రమదేవితో పాటు మరణించినట్లు కనిపించే మల్లికార్జున నాయకుడు ఆమె సేనాధిపతి కూడా. ములుగు దగ్గర పాలంపేటలో 1213లో రామప్ప గుడిని కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుని సేనాధిపతి, తన వంశానికి పెద్ద, తన సీమకు పాలకుడు.

సాహిణి మాత్రం విడి మాట. గుర్రపు దళాన్నో ఏనుగుల దళాన్నో నడిపే అధికారికి అది పేరు. నృత్త శాస్త్రంపై గ్రంథం రచించిన జాయపను మనం నేడు జాయప సేనాని అని పిలుస్తున్నాము గాని, గణపతిదేవుని కొలువులో ఆయన గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి. కాయస్థ వంశపు గంగయసాహిణి పేరులోని సాహిణి కూడా ఇదే.

ఇక్కడ మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. 1163 నాటి హనుమకొండ శాసనం రుద్రదేవుని స్వతంత్ర ప్రభువుగా చూపుతుంది. అయినా చాళుక్యులకు సామంతులుగా ఉన్న రోజుల్లో ధరించిన 'మహామండలేశ్వర' బిరుదును కాకతీయులు ఆ తరువాత కూడా వదులుకోలేదు. బిరుదు ఎంత పెద్దదో చూసి అధికారాన్ని కొలిచేవారు ఈ సంగతిని గమనించాలి.

ప్రశ్న: మా అన్నయ్య సైన్యంలో సుబేదారుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. హనుమకొండలోని సుబేదారి అనే పేట పేరుకూ ఆ హోదాకూ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: మాట ఒకటే, స్థాయిలు వేరు. 'దార్' అనే ఫారసీ ప్రత్యయానికి కలిగి ఉన్నవాడు, చేతిలో ఉంచుకున్నవాడు అని అర్థం. జాగీరు ఉన్నవాడు జాగీర్దారు, శిస్తు వసూలు బాధ్యత ఉన్నవాడు తహసీల్దారు, సుబా చేతిలో ఉన్నవాడు సుబేదారు. నిజాం రాజ్యంలో కొన్ని జిల్లాలు కలిస్తే ఒక సుబా. వరంగల్ అలాంటి ఒక సుబాకు కేంద్రం. 1865 నాటి జిలాబందీ సంస్కరణ, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విభజించిన ఏర్పాటు తరువాత జిల్లాకు పెద్ద అవ్వల్ తాలూకాదారు, అంటే నేటి కలెక్టరు వంటివాడు. అలాంటి తాలూకాదారులపై అజమాయిషీ చేసేవాడు సుబేదారు. ఆయన నివాసమూ కచేరీ ఉన్న చోటుకు సుబేదారి అనే పేరు నిలిచిపోయింది.

సైన్యంలో ఈ మాట మరో దారిన నడిచింది. ఆంగ్లేయుల కొలువులోని దేశీయ పటాలాలలో మనవారు చేరగల పై హోదాలలో సుబేదారు ఒకటి. ఇప్పటికీ అది జవాన్లకూ కమిషన్డ్ అధికారులకూ నడుమ ఉండే హోదా. మీ అన్నయ్యగారి హోదా ఏళ్ల తరబడి చేసిన సేవతో, దొంతరలు దాటి సంపాదించుకున్నది. ఒక పాలకుడి ఫర్మానాతో వచ్చే పదవి కన్నా దానిని నేను తక్కువగా చూడను.

ప్రశ్న: తండా పెద్దను నాయక్ అంటాము. సైన్యంలోనూ నాయక్ ఉన్నాడు. ఈ రెండూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: రెండూ సంస్కృత 'నాయక' శబ్దం నుంచి వచ్చినవే. లంబాడీల తండాలో నాయక్ తగవులు తీర్చే పెద్ద. పక్కన సహాయకుడిగా కార్‌బారీ ఉంటాడు. సైన్యంలో నాయక్ హవల్దారుకు కింది హోదా. చాలామంది పేర్ల చివర ఇది ఇంటిపేరులా నిలిచిపోయింది కనుక, పేరులో నాయక్ ఉన్న ప్రతివారూ తండా పెద్ద అనుకోవడం పొరపాటు.

ప్రశ్న: మహిళ సర్పంచ్ అయితే 'సర్పంచురాలు' అనాలా? రుద్రమదేవిని మహారాణి అనాలా, మహారాజు అనాలా?
– ఒక ఉపాధ్యాయిని, జగిత్యాల

జవాబు: సర్పంచ్ అనే చాలు. ఫారసీలో 'సర్' అంటే తల. పంచాయతీకి తల అయినవారు స్త్రీ అయినా పురుషుడైనా సర్పంచే. తెలంగాణలో స్థానిక సంస్థల స్థానాలలో సగం మహిళలకు కేటాయించిన తరువాత ఆ మాటకు ప్రత్యయం తగిలించి వేరు చేయడంలో అర్థం లేదు. సర్పంచ్ గారి భర్తను సర్పంచ్ అని పిలిచే అలవాటును మాత్రం పత్రికలూ, అధికారులూ వెంటనే మానుకోవాలి. ఆ పిలుపుతో ఓటర్లు ఒకరికి ఇచ్చిన అధికారం మరొకరి చేతికి పోతుంది. రుద్రమ విషయానికి వస్తే, ఆమె శాసనాలు ఆమెను 'రుద్రదేవ మహారాజు' అని పురుష నామంతోనే పేర్కొన్నాయి. మహారాణి అంటే రాజు భార్య అనే అర్థం కూడా వస్తుంది. ఆమె సింహాసనంపై కూర్చుని స్వయంగా ఏలిన ప్రభువు. తరగతిలో పిల్లలకు ఆ శాసన నామాన్ని చెప్పి, కారణం కూడా వివరించండి.

ప్రశ్న: బొగ్గు బావిలో సర్దార్ అంటే నిజంగా అధికారియేనా?
– ఒక విద్యార్థి, మందమర్రి

జవాబు: అవును, చట్టం గుర్తించిన పదవి అది. గనుల భద్రతా శాఖ ఇచ్చే యోగ్యతా పత్రం లేనిదే ఎవరూ మైనింగ్ సర్దార్ కాలేరు. తనకు అప్పగించిన భాగంలో పైకప్పును, గాలి ప్రసరణను, విషవాయువును పరీక్షించడం ఆయన పని. ప్రమాదం కనిపిస్తే ఆ చోటి నుంచి పనివారిని వెంటనే బయటికి పంపవలసిన బాధ్యత ఆయనదే. ఆయనకు పైన ఓవర్‌మన్, ఆ పైన మేనేజర్లు ఉంటారు.