ఇనుము కరిగి తెగదు, కాలి తెగుతుంది

"స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో ఇనుము లాంటి లోహాలు నిజంగా కాలుతాయా, ఉత్తగా కరుగుతాయా?" అని అడిగారు. కాలుతాయి. వరంగల్ ఆటోనగర్‌లో గ్యాస్ కటింగ్ చేసేవాళ్లను అడిగితే నూటికి తొంభై మంది "మంటకు కరిగి తెగుతది" అనే చెప్తారు. రోజూ చేసే పనే, అయినా తప్పే.

నేను పని నేర్చుకునేటప్పుడు ఒక రైస్ మిల్లు పాత బాయిలర్ తుక్కు కింద వచ్చింది. మందం ప్లేటు. ఉస్తాద్ అంచును ఎర్రగా కాల్చి, ఆక్సిజన్ ధార వదిలే టార్చ్ లివర్ నొక్కాడు. రవ్వలు ప్లేటు కింది నుంచి చిమ్ముతున్నాయి. సగం కోశాక ఉన్నట్టుండి డీఏ గ్యాస్ (మంటకు వాడే ఎసిటిలీన్) వాల్వ్ కట్టేశాడు. నాజిల్ దగ్గర నీలి మంట పోయింది, కోత మాత్రం ఆగలేదు. ఒట్టి ఆక్సిజన్‌తోనే ఇంకో బెత్తెడు తెగింది. "గ్యాస్ ఏడున్నదిరా ఇప్పుడు? ఇనుమే కట్టెలెక్క కాలుతాంది" అన్నాడు.

ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. స్వచ్ఛమైన ఆక్సిజన్ తగిలితే 900 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. ఆ కాలిన వేడే పక్క ఇనుమును అంటిస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, నైట్రోజన్ వేడిని లాగేసుకుంటుంది, అందుకే మన గేట్లూ గ్రిల్సూ అంటుకోవు.

కొందరు అల్యూమినియం రేకు తెచ్చి "అన్నా, జర గ్యాస్‌తో కొయ్యి" అంటారు. ఎట్ల కొయ్యాలి? ఆ లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర కరగాలంటే 2072 కావాలి. పొర అట్లనే ఉంటుంది, లోపల లోహం జారిపోతుంది. ఇనుముకు తిరకాసు లేదు. దాని ఆక్సైడ్ ఇనుము కన్నా ముందే కరుగుతుంది, ఆక్సిజన్ ధార దాన్ని ఊదేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ తెచ్చేవాళ్లకూ ఇదే జవాబు, అందులోని క్రోమియం ఆక్సైడ్ అడ్డం పడుతుంది. ఎంత చెప్పినా "పక్క షెడ్డాయన కోస్తా అన్నడు" అంటారు. పొండి మరి.

ఇనుమునే కాల్చే ఆక్సిజన్‌ను ఎండాకాలం చల్లగా ఉందని చొక్కాలోకి కొట్టుకునే పిల్లలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బట్టకు చిన్న రవ్వ తగిలితే చాలు. సిలిండర్‌కు బిగించే రెగ్యులేటర్ మరలకు గ్రీజు పూసేవాళ్లు ఇంకో రకం. నిండు సిలిండర్‌లో 150 బార్ దాకా ప్రెషర్ ఉంటుంది, అక్కడ జిడ్డు అగ్గిపుల్ల లేకుండానే అంటుకోగలదు. నా షెడ్డులో ఎవడైనా గ్రీజు డబ్బా ఆ సిలిండర్ దగ్గరికి తెస్తే ఆ పూటే లెక్క చూసి పంపిస్తా.