ఐస్ మీద ఆట చూడ్డానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. చేతికి 96 వేలు వస్తుంది. చిన్నప్పుడు ఇందిరా పార్క్ రింక్‌లో రోలర్ స్కేటింగ్ నేర్చుకున్నాను, అప్పటి నుంచి ఫిగర్ స్కేటింగ్ అంటే పిచ్చి. ఇన్నేళ్లూ ఫోన్‌లోనే చూశాను. మొన్న మార్చిలో ప్రాగ్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ చూశాక, ఒక్కసారైనా స్టేడియంలో కూర్చుని చూడాలని గట్టిగా అనుకున్నాను. వచ్చే మార్చిలో పోటీలు ఫిన్లాండ్‌లోని టాంపెరేలో. అక్క డాలస్ దగ్గర ఉంటుంది, స్నేహితురాలు మ్యూనిక్‌లో ఉంటుంది. జపాన్ కూడా ఆలోచించాను. నెలకు అద్దె 22 వేలు, ఇంటి ఖర్చు 24 వేలు, ఖమ్మంలో అమ్మానాన్నలకు 15 వేలు, సిప్‌లు 15 వేలు. బ్యాంకులో 1.2 లక్షలున్నాయి, క్రెడిట్ కార్డు బాకీ 58 వేలు. బ్యాంకు 3 లక్షల లోన్ ఇస్తానంటోంది. తీసుకోమంటారా? ఏ ఊరికి వెళ్తే చవక? అమ్మేమో ‘ఐస్ మీద డాన్స్‌కి రెండున్నర లక్షలా’ అంటోంది.

– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు అమ్మగారి సంగతి. పెళ్లిలో డ్రోన్ షాట్లకి ఎంతయిందని మన ఇళ్లలో ఎవరూ అడగరు. మీ సంపాదన, మీ సరదా. వెళ్లండి. కాకపోతే లోన్ వద్దు, వచ్చే మార్చి వద్దు.

నాకు ఈ ఆట గురించి తెలిసింది తక్కువ. మీ ఉత్తరం వచ్చాక మా అమ్మాయిని అడిగితే, ముందుకు చూస్తూ ఎగిరితే అది ఆక్సెల్, మిగతా జంపులన్నీ వెనక్కి జారుతూ ఎగిరేవే అని చెప్పింది. ఆటలో నా జ్ఞానం అంతవరకే. లెక్కలు మాత్రం కూర్చుని వేశాను.

టాంపెరేతో మొదలుపెడదాం. యూరో ఇవాళ ఎంతున్నా 110 రూపాయలు వేసుకున్నాను, రూపాయి మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు కదా. విమానం రానూపోనూ 75 వేలు. షెంజెన్ వీసా (ఫిన్లాండ్, జర్మనీ, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా) ఫీజు 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం వాళ్ల చార్జీలతో కలిపి 12,500. ఇన్సూరెన్స్ 2 వేలు. అన్ని పోటీలూ చూసే టికెట్‌కి 500 యూరోలు అనుకుందాం, 55 వేలు. ఏడు రాత్రుల హోటల్ 70 వేలు. తిండి, రైళ్లు, బస్సులు 35 వేలు. మొత్తం దాదాపు 2.5 లక్షలు. ఇవి నా అంచనాలే, కొంత అటూఇటూ కావచ్చు. కానీ ఇందులో టికెట్ వాటా నాలుగో వంతు కూడా లేదు చూడండి. అసలు కన్నా కొసరే ఎక్కువ. ఆ కొసరు ఎంతన్నది పోటీ పెట్టే ఊరిని బట్టి ఉంటుంది. అందుకే మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో ‘ఏ ఊరు’ అన్నదే పెద్ద ప్రశ్న.

వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఏటా ఊరు మారుతుంది. 2023లో జపాన్‌లోని సైతామా, 2024లో మాంట్రియల్, 2025లో బోస్టన్, ఈ ఏడు ప్రాగ్. దేశాల సంఘాలు దరఖాస్తు చేసుకుంటే అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ ఎంచుకుంటుంది. పెద్ద హాలు, ప్రాక్టీసుకి ఇంకో రింక్, ఇన్ని దేశాల జట్లకీ జడ్జీలకీ సరిపడా హోటల్ గదులు ఉన్న ఊరు కావాలి. జట్లు, జడ్జీలు, టీవీ వాళ్లు దగ్గరి హోటళ్లు తీసుకున్నాక మిగిలిన గదుల కోసం మనం పోటీ పడాలి. టాంపెరేలో నోకియా అరీనా రైలు పట్టాల మీదే కట్టారు, స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. ఎంత సుఖమో! ఆ సుఖం కోసమే అందరూ ఆ చుట్టుపక్కలే గదులు వెతుకుతారు.

దీని దెబ్బ నేనూ తిన్నాను. 2023 క్రికెట్ ప్రపంచకప్‌లో భారత్–పాకిస్తాన్ మ్యాచ్ అహ్మదాబాద్‌లో అక్టోబర్ 15న అన్నారు. డబ్బు వెనక్కి రాని రేటుకి, తక్కువకి దొరికిందని సంబరపడి, ఒక హోటల్లో 15వ తేదీ రాత్రికి గది బుక్ చేశాను. తర్వాత మ్యాచ్‌ను 14కి జరిపారు. 14 రాత్రికి మళ్లీ కొనాల్సి వచ్చింది. అప్పటికి రేట్లు ఎక్కడున్నాయో చెప్తే మా ఆవిడ ఇప్పుడు కూడా నవ్వుతుంది. స్కేటింగ్‌లోనూ ఇలాంటివి జరిగాయి, ఇంకా పెద్దవే. 2011లో టోక్యోలో జరగాల్సిన వరల్డ్ ఛాంపియన్‌షిప్, భూకంపం వల్ల ఏప్రిల్ చివర మాస్కోకి మారింది. 2020లో మాంట్రియల్ పోటీలు మొదలవ్వడానికి అయిదు రోజుల ముందు రద్దయ్యాయి. 2021లో స్టాక్‌హోమ్‌లో పోటీలు జరిగాయి కానీ ప్రేక్షకుల్ని రానివ్వలేదు. కాబట్టి హోటల్ ఎప్పుడూ ఉచితంగా రద్దు చేసుకునేదే తీసుకోండి. రోజుకి వెయ్యి ఎక్కువైనా సరే.

ఇక అక్క ఇల్లు. ఏటా వేర్వేరు దేశాల్లో వరసగా జరిగే గ్రాండ్ ప్రీ పోటీల్లో స్కేట్ అమెరికా ఒకటి. 2023, 2024ల్లో అది టెక్సస్‌లోని ఆలెన్‌లో జరిగింది. డాలస్ శివారు, మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతమే. అప్పుడు వెళ్లుంటే మీకు హోటల్ ఖర్చు సున్నా, పైగా అక్క చేతి పప్పు. 2025లో అదే పోటీని న్యూయార్క్ రాష్ట్రంలో కొండల మధ్య ఉన్న లేక్ ప్లాసిడ్‌కి మార్చారు. డాలస్ నుంచి ఇంకో విమానం, దిగాక కారులో కొన్ని గంటలు. గ్రాండ్ ప్రీ పోటీల్లో ఏ ఊరన్నది ఆ దేశపు సంఘం ఇష్టం, మనకు తెలిసేది కొన్ని నెలల ముందే. అమెరికా వీసా ఫీజు 185 డాలర్లు కట్టి, ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురుచూసి, చివరికి ఊరు మారితే? అక్కను చూడ్డానికి వెళ్లండి. స్కేటింగ్ కోసం మాత్రం ఆ ప్లాన్ మీద ఆధారపడకండి. జపాన్‌కి మొదటిసారే వద్దు. అక్కడ ఆ ఆటకున్న గిరాకీకి టికెట్లు లాటరీలో ఇస్తారు, బయటి దేశం వాళ్లకి అదో తలనొప్పి.

నేనైతే ఊరు మారని పోటీ ఏదుందా అని వెతికాను. జర్మనీలో ఆల్ప్స్ కొండల కింద ఓబర్‌స్ట్‌డోర్ఫ్ అని చిన్న ఊరుంది. ఏటా సెప్టెంబర్‌లో అక్కడే నెబెల్‌హార్న్ ట్రోఫీ జరుగుతుంది. 1969లో మొదలైన పోటీ. సీజన్ మొదట్లో పేరున్న స్కేటర్లు కొత్త ప్రోగ్రాముల్ని సరిచూసుకునేది ఇలాంటి చోట్లే. 2013, 2017, 2021ల్లో ఒలింపిక్స్‌కి చివరి అర్హత పోటీ కూడా ఇదే. మీ స్నేహితురాలుండే మ్యూనిక్ నుంచి రైల్లో రెండున్నర గంటలు. మా అమ్మాయి చెప్పిన మాట ఒకటి నాకు నచ్చింది: పెద్ద అరీనాలో పైవరసలో కూర్చుంటే మళ్లీ పెద్ద తెర వైపే చూస్తావు, చిన్న రింక్‌లో బ్లేడు ఐస్‌ని గీరే చప్పుడు వినిపిస్తుంది. ఫోన్‌లో పదిహేనేళ్లుగా చూసినవాళ్లకి ఆ చప్పుడే కదా కొత్త!

దీని లెక్క: మ్యూనిక్‌కి ఒక స్టాప్‌తో విమానం 65 వేలు. వీసా, ఇన్సూరెన్స్ కలిపి 14,500. ఓబర్‌స్ట్‌డోర్ఫ్‌లో గెస్ట్‌హౌస్ మూడు రాత్రులు 24 వేలు, మిగతా మూడు రాత్రులు స్నేహితురాలి ఇంట్లో. టికెట్లకు 11 వేలు. రైళ్లు, తిండి 24,500. మొత్తం 1.39 లక్షలు. టాంపెరే కన్నా లక్షా పది వేలు తక్కువ. ఆ రైళ్లకి బయెర్న్ టికెట్ అని ఒక రోజు పాసు ఉంటుంది. లోకల్ రైళ్లలోనే చెల్లుతుంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా అయితే ఉదయం 9 దాటాకే. ఇద్దరు కలిసి వెళ్తే ఇంకా కలిసొస్తుంది.

ఇప్పుడు లోన్. 3 లక్షలకి 14 శాతం వడ్డీ, 36 నెలలు అనుకుంటే నెలకు 10,250 కట్టాలి. చివరికి కట్టేది 3.69 లక్షలు. వడ్డీకే 69 వేలు పోతుంది, ఓబర్‌స్ట్‌డోర్ఫ్ ట్రిప్‌లో సగం. పైగా ఆ మూడేళ్లూ ఇంకో పోటీకి వెళ్లే దారి ఉండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. వీసా కోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇస్తారు. ఖాతాలో ఉన్నట్టుండి 3 లక్షలు పడితే అవి ఎక్కడివని వాళ్లకి అనుమానం రావడం సహజం. నెలనెలా పెరిగిన పొదుపు చూపిస్తే ఆ గొడవే ఉండదు.

మీరు రాసిన లెక్క ప్రకారం 76 వేలు పోగా నెలకు 20 వేలు మిగలాలి. మిగలట్లేదు, మిగిలితే కార్డు మీద 58 వేలు ఎందుకుంటుంది? దాని మీద నెలకు మూడున్నర శాతం చొప్పున రెండు వేల పైనే వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ. కోప్పడట్లేదు, అందరి ఇళ్లలో జరిగేదే. ఆర్డర్ పెట్టిన బిర్యానీలు, సేల్‌లో కొన్నవి... రెండు నెలలు రాసుకుంటే మీకే తెలుస్తుంది.

ఈ మే నుంచి ఆగస్టు దాకా నెలకు 16 వేలు కార్డుకి కట్టండి. కొత్తగా గీకకపోతే నాలుగు నెలల్లో వడ్డీతో సహా తీరిపోతుంది. మిగిలిన 4 వేలు అత్యవసర నిధిలోకి. సెప్టెంబర్ నుంచి 12 వేలు ట్రిప్‌కి, 8 వేలు అత్యవసర నిధికి. ఇప్పుడున్న 1.2 లక్షలు మీకు రెండు నెలల ఖర్చుకి సరిపోతాయంతే, అమ్మానాన్నల బాధ్యత కూడా ఉంది, కాబట్టి ఆ 8 వేలు తగ్గించకండి. సిప్‌ల జోలికి పోవద్దు. వచ్చే ఏడాది ఆగస్టుకి ట్రిప్ ఖాతాలో 1.44 లక్షలుంటాయి.

ఆర్‌డీ వేస్తానంటారేమో, ఈ పనికి ఆర్‌డీ కుదరదు. డబ్బంతా ఒకేసారి అక్కర్లేదు: వీసా ఫీజు ఒకప్పుడు, టికెట్ ఒకప్పుడు, విమానం ఒకప్పుడు. విడిగా ఒక సేవింగ్స్ ఖాతా గానీ లిక్విడ్ ఫండ్ గానీ చాలు, జీతం పడ్డ మర్నాడే ఆటో డెబిట్ పెట్టుకోండి. జూన్ చివరికి అందులో 1.2 లక్షలుంటాయి. విమానం, వీసా, టికెట్లు మూడూ కలిపినా 90 వేలు దాటవు.

వరుస కూడా ముఖ్యం. ముందు ఆఫీసులో సెలవు ఖాయం చేసుకోండి, ఆ రోజుల్లో దసరా సెలవులకి అందరూ అడుగుతారు. తర్వాత రద్దు చేసుకోగల గది. తర్వాత వీసా. షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, స్లాట్ల కోసం ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు. విమానం మాత్రం వీసా స్టాంపు పడ్డాకే కొనండి. దరఖాస్తుకి రిజర్వేషన్ కాగితం చాలు. స్నేహితురాలి ఇంట్లో ఉంటారు కాబట్టి ఆమె నుంచి ఆహ్వాన పత్రం అడగండి. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని సరిగా వాడుకున్నవాళ్లకి, మన దేశస్థులైతే రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇచ్చే పద్ధతి 2024 నుంచి ఉంది. ఆ మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని ఆంజేకి వెళ్తారనుకోండి, అక్కడ 2022 నుంచి వరసగా నాలుగేళ్లు గ్రాండ్ ప్రీ జరిగింది, పారిస్ నుంచి రైలు గంటన్నరే. ఆ రెండో వీసా అయ్యాక రెండేళ్ల వీసాకి ఒక్కసారి ఫీజు కడితే, అది ఉన్నన్నాళ్లూ వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఏ షెంజెన్ దేశంలో పెట్టినా మళ్లీ వీసా ఖర్చు ఉండదు. అప్పుడు కూడా అన్ని పోటీల టికెట్ కొనకండి. మీకు మహిళల విభాగమే ప్రాణమైతే అందులో ఉండే రెండు భాగాలు, షార్ట్ ప్రోగ్రాం, ఫ్రీ స్కేట్ సెషన్లు రెండే కొంటే చాలు.

చిన్న విషయాలు రెండు. అక్కడ కార్డు గీకేటప్పుడు మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలంటే వాళ్ల మారకం రేటు మన నెత్తిన పడుతుంది. ఏజెంట్ దగ్గర ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ అని ముందుగానే కొంత పన్ను వసూలు చేస్తారు. రిటర్నులో చూపించి వెనక్కి తెచ్చుకోవచ్చు కానీ అప్పటిదాకా డబ్బు చిక్కుకున్నట్టే. ఒక్కరికే, ఇంత చిన్న ట్రిప్‌కి ఏజెంట్ అక్కర్లేదు.

అన్నట్టు, మ్యూనిక్‌లో మూడు రాత్రులు ఉచితంగా పెట్టే స్నేహితురాలికి ఖాళీ చేతులతో వెళ్లరు కదా. ఖమ్మం నుంచి అమ్మగారు పెట్టిన ఆవకాయ గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ సామానులో వేయండి. నెయ్యి డబ్బా మాత్రం వద్దు, మన దేశం నుంచి పాల పదార్థాలు ఈయూలోకి తీసుకెళ్లనివ్వరు.