‘యాదోం కీ బారాత్’ పగ సినిమానా, ప్రేమకథా?

రెండూ. ఈ హిందీ సినిమాని 1973లో నాసిర్ హుస్సేన్ తీశారు, రచన సలీం-జావేద్. చిన్నప్పుడే అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న ముగ్గురు అన్నదమ్ములు చెల్లాచెదురైపోతారు. పెద్దవాడు ధర్మేంద్ర పగతో రగులుతుంటాడు. విలన్ అజిత్‌ని పట్టించే గుర్తు భలే ఉంటుంది: అతని బూట్లలో ఒకటి ఎనిమిదో నంబరు, రెండోది తొమ్మిది! ప్రేమ వంతు రెండోవాడు విజయ్ అరోరా, జీనత్ అమన్‌లది. గాజు గ్లాసు టింగుమన్న చప్పుడుతో మొదలయ్యే ‘చురా లియా’ పాట వాళ్లదే. నిజానికి పగ కన్నా ఆర్.డి.బర్మన్ పాటలే జనానికి ఎక్కువ గుర్తున్నాయి. చిన్నప్పటి పాటే అన్నదమ్ముల్ని మళ్లీ కలుపుతుంది. ఈ కథ వింటే ఎన్టీఆర్ సినిమా గుర్తొస్తోందా? 1975లో వచ్చిన ‘అన్నదమ్ముల అనుబంధం’ దీని రీమేకే. అందులో తమ్ముడిగా బాలకృష్ణ కూడా ఉన్నాడు.